30 సెంటీమీటర్ల తేడాకు మూడు రోజుల తంటా

మా ఇన్సాస్ రైఫిల్ ఫైరింగ్ సిమ్యులేటర్ నిన్న సాయంత్రం పరీక్ష పాసైంది. ఇందులో తూటా ఉండదు, బ్యారెల్‌లోని లేజర్ తెర మీద వేసే చుక్కని కెమెరా చూస్తుంది, తూటా ఎక్కడ పడేదో కంప్యూటర్ లెక్కేస్తుంది. ప్రొజెక్టర్ బిగించడం, రీకాయిల్‌కి (పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నడానికి) గాలి గొట్టాలు కలపడం, తెరకి కెమెరాని సరిచూడటం ఒక్క పూటలో అయిపోయాయి. మిగతా మూడు రోజుల్నీ మింగేసింది ఒకటే ఐటెం: తెర మీద 300 మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపించే టార్గెట్ మీద బోర్లా పడుకుని ఐదు రౌండ్లు.

నిలబడి కొడితే మధ్యలోనే పడుతున్నాయి. అదే మనిషి, అదే రైఫిల్‌తో పడుకుని కొడితే గ్రూపు (ఐదూ పడ్డ చోటు) బిగువుగానే ఉంది కానీ మొత్తం 20 సెంటీమీటర్ల పైగా కిందకి దిగింది. పరీక్షకొచ్చిన అధికారి అందరి ముందూ "మీ బాలిస్టిక్స్ తప్పు" అనేశారు, అంటే తూటా ఎంత దిగుతుందో వేసే లెక్క తప్పని. తల కొట్టేసినట్టయింది. సెకనుకు 915 మీటర్ల వేగంతో బయల్దేరిన తూటా గాలే లేకపోయినా 300 మీటర్లకి 53 సెంటీమీటర్లు దిగుతుంది, గాలి నిరోధం కలిపితే ఇంకా దిగుతుంది. డ్రాగ్ (గాలి నిరోధం) పట్టిక, ఉష్ణోగ్రత, గాలి సాంద్రత అన్నీ తిరగేశాం. ఎక్కడా తప్పు లేదు. అసలు లెక్కే తప్పయితే నిలబడి కొట్టినా కిందే పడాలి కదా!

చివరికి టేపు పట్టుకుంటే దొరికింది. నిలబడ్డప్పుడు లేజర్ మూతి నుంచి తెరకి సరిగ్గా 5 మీటర్లు. చాప మీద పడుకుంటే 4.7. గురి చూసే సైట్‌కీ బ్యారెల్‌లోని లేజర్‌కీ మధ్య ఎత్తు తేడా 60 మిల్లీమీటర్లు. జీరోయింగ్ (గురిని సరిచేయడం) చేసేది ఆ రెంటి గీతలూ, అంటే చూపు గీతా లేజర్ గీతా, 5 మీటర్ల దగ్గర కలిసేలా. తెర 30 సెంటీమీటర్లు ముందుకొస్తే అవి కలవకముందే తగులుతుంది, లేజర్ చుక్క 3.6 మిల్లీమీటర్లు కిందే ఉండిపోతుంది. మన తెర మీద ఒక మిల్లీమీటరంటే 300 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు. అంటే దాదాపు 22 సెంటీమీటర్లు. మీటరున్నర ఎత్తు మనిషి బొమ్మే తెర మీద 25 మిల్లీమీటర్లుంటుంది, ఇక 3.6 చిన్నదెలా అవుతుంది?

ఇలాంటి తేడా వస్తే ఎవరైనా "డ్రాగ్ పట్టికలో కాస్త కలిపేయండి" అంటే ఒప్పుకోవద్దు. ముందు 100, 200, 300 మీటర్లకి కొట్టించండి. తేడా 7, 14, 22 సెంటీమీటర్లు అని దూరంతో సమానంగా పెరిగితే అమరిక తప్పు. దూరం రెట్టింపైతే తేడా నాలుగు రెట్లు దాటిందంటే తూటా లెక్క తప్పు. ఈ పని మేం మొదటి రోజే చేయాల్సింది.

టెండరు పత్రంలో "5 మీటర్లు" అని ఉంది. ఎక్కణ్ణుంచి ఎక్కడికో లేదు! రాసినవాళ్లు ఒక్కసారైనా చాప మీద పడుకుని చూడాల్సింది. ఇప్పుడు నిలబడటానికి, మోకాలి మీద కూర్చోడానికి, పడుకోడానికి వేర్వేరుగా మూడు గీతలు వేశాం, మూడూ లేజర్ మూతి నుంచే కొలిచి. చాప 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగాక ఐదు రౌండ్లూ మధ్యలో పడ్డాయి.