కోర్సు అయ్యాక మోగిన ఫోను

అక్క వేసిన పిటిషన్ మీద ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి గ్రీన్‌కార్డులతో నలుగురం న్యూజెర్సీలో దిగాం. నా బీఎస్సీ పట్టాను ఇక్కడ పట్టించుకున్నవారు లేరు. మావారు ఇండియన్ గ్రోసరీలో పనికి కుదిరారు. నేను మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరదామనుకున్నాను. బీపీ చూడటం, రక్తం తీయడం, ఈసీజీ పెట్టడం వంటివి ఏడాదిలో నేర్పి పంపిస్తారు. అలాంటి చేతిపని చదువులు చెప్పేవాటిని ఇక్కడ కెరీర్ కాలేజీలంటారు.

ఆ మాట వినగానే బావగారు ముఖం చిట్లించారు. ఐటీటీ టెక్ అనే పెద్ద సంస్థ 2016 సెప్టెంబరులో ఉన్నట్టుండి తలుపులు మూసేసి, వేలమంది విద్యార్థులను నడిరోడ్డున వదిలేసిన సంగతి ఆయన మరిచిపోలేదు. "ఫీజు సంగతి తరువాత. అక్కడ చదివి అప్పు కట్టలేకపోయినవాళ్లు నూటికి ఎందరో ముందు చూడు" అన్నారు. ఆ అంకెను అమెరికా విద్యాశాఖ ఏటా ప్రకటిస్తుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో వాయిదాలు మొదలైనవారిలో మూడేళ్ల గడువులో ఎందరు డీఫాల్ట్ అయ్యారన్నది లెక్క. అది వరుసగా మూడేళ్లు 30 శాతం గాని అంతకు మించి గాని ఉన్నా, ఒక్క ఏడాది 40 శాతం దాటినా ఆ కాలేజీ విద్యార్థులకు ఫెడరల్ అప్పులు, అంటే కేంద్ర ప్రభుత్వమిచ్చే అప్పులు, ఆగిపోతాయి. అప్పులు ఆగితే ఇలాంటి కాలేజీ గతి ఏమిటో చెప్పనక్కరలేదు. కాబట్టి నా అప్పు తీరడం నాకెంత అవసరమో వాళ్లకూ అంతే అవసరం. నాకది నచ్చింది. ప్రేమతో చేసే సాయం కంటే, తన లెక్క కోసం చేసే సాయాన్నే ఎక్కువ నమ్మవచ్చు.

తిరిగి కట్టనక్కరలేని ప్రభుత్వ సాయం పెల్ గ్రాంటు వస్తుందనుకుంటే రాలేదు. డిగ్రీ ఏ దేశంలో చేసినా డిగ్రీయేనట, ఒకసారి ఉంటే గ్రాంటు ఇవ్వరు. ఉద్యోగానికి పనికిరాని పట్టా గ్రాంటుకు మాత్రం అడ్డొచ్చింది. మిగిలింది అప్పే. నాలాంటివారికి మొదటి ఏడాది గరిష్ఠంగా 9,500 డాలర్లు ఇస్తారు. అందులో 3,500 వరకు చదివినంతకాలం వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది, అది సబ్సిడీ అప్పు. మిగతా దానికి చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఆ ఏడాది వడ్డీ 4.45 శాతం.

ఫీజు పోను మిగిలిన సొమ్ము చెక్కు రూపంలో నా చేతికొచ్చింది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది. ఆ చెక్కు ఇస్తూనే, "దీన్ని జీతంలా చూడకు, ఇదీ అప్పే. వాడుకోనిది 120 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేస్తే దాని మీద వడ్డీ గాని రుసుము గాని పడవు" అంది. మేము అద్దెకు కావలసినంత ఉంచుకుని మిగతాది వెనక్కి కట్టేశాం. చేరేటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించే కౌన్సెలింగ్ చట్టప్రకారం తప్పనిసరి. మీటలు నొక్కుకుంటూ పోతే అయిపోతుంది, ఏమీ గుర్తుండదు. ఆవిడ చెప్పిన ఆ రెండు ముక్కలే గుర్తున్నాయి.

మా బ్యాచ్‌లో మధ్యలో మానేసిన అమ్మాయి ఒకామె ఉంది. వరుసగా రాకపోతే కాలేజీ నుంచి ఫోన్లు వెళ్లేవి, ఎందుకో అప్పుడు తెలియలేదు. వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే ఆరు నెలల గడువు మానేసిన రోజు నుంచే నడుస్తుంది. చేతిలో సర్టిఫికెట్ ఉండదు, నెత్తిన అప్పు మాత్రం ఉంటుంది. డీఫాల్ట్‌లో పడేది ఎక్కువగా అలాంటివాళ్లే.

నా కోర్సు 2018 వసంతంలో పూర్తయింది. ఉద్యోగం దొరకలేదు. ఇల్లు మారాం. అప్పు వసూలు చేసే సంస్థ, ఇక్కడి మాటలో సర్వీసర్, ఉత్తరాలన్నీ పాత చిరునామాకే పంపుతోంది. గడువు దగ్గరపడుతుండగా కాలేజీ నుంచి ఆ పెద్దావిడే ఫోను చేసింది. "ఉద్యోగం వచ్చిందా? రాకపోతే రేపు పన్ను రిటర్న్ కాగితం తీసుకుని రా" అని చెప్పింది.

మర్నాడు ఆవిడ గదిలోనే కూర్చుని, స్పీకర్ పెట్టి సర్వీసర్‌కు ఫోను కలిపాం. చాలాసేపు సంగీతం వినిపించాక లైన్లోకి వచ్చినతను పరిస్థితి పూర్తిగా వినకుండానే ఫోర్‌బేరెన్స్ పెట్టేస్తానన్నాడు. కొన్నాళ్లు కట్టనక్కరలేదు, సంతకం కూడా అవసరం లేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆవిడ మాత్రం అడ్డంగా తల ఊపి, ఒక కాగితం మీద రాసి నా వైపు తోసింది: 37,650.

2018లో నలుగురి కుటుంబానికి పేదరిక రేఖ 25,100 డాలర్లు. దానికి ఒకటిన్నర రెట్లు 37,650. ఆదాయం అంతకంటే తక్కువ ఉంటే, అప్పట్లో ఆదాయాన్ని బట్టి కట్టే పథకంలో నెల వాయిదా సున్నా. మా ఆదాయం అంతకు బాగా తక్కువే. పైగా ఆ పథకంలో మొదటి మూడేళ్లు సబ్సిడీ అప్పు మీద మిగిలిపోయే వడ్డీని ప్రభుత్వమే కట్టేది. సబ్సిడీ లేని రెండో అప్పు మీద మాత్రం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది నేనే చూసుకోవాలి. ఫోర్‌బేరెన్స్‌లో అయితే రెండింటి మీది వడ్డీ నా నెత్తినే.

దరఖాస్తు విద్యాశాఖ వెబ్‌సైటులో ఉచితం. మేము నింపి ఇస్తామని డబ్బు గుంజే కంపెనీలు ఉన్నాయి, ఫోను ఎత్తవద్దని ఆవిడ ముందే హెచ్చరించింది. ఏటా ఆదాయం మళ్లీ చూపించాలి, ఆ తేదీ తప్పితే మామూలు వాయిదా వచ్చి పడుతుంది. క్యాలెండరులో ఎర్రసిరాతో రాసుకున్నాను.

అదే 2018లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఇచ్చిన నివేదిక గురించి తరువాత చదివాను. కొన్ని కాలేజీలు నియమించుకున్న కన్సల్టెంట్లు విద్యార్థులను పనిగట్టుకుని ఫోర్‌బేరెన్స్‌లోకి తోస్తున్నారట. లెక్క మూడేళ్లదే కదా, ఆ మూడేళ్లూ వాయిదా దాటేస్తే కాలేజీ శాతం చక్కగా కనిపిస్తుంది, తరువాత విద్యార్థి ఏమైపోయినా దానికి పట్టదు. అంటే నేను నమ్ముకున్న ఆ స్వార్థమే రెండు వైపులా నడవగలదు. మా పెద్దావిడ ఏ వైపు నడిచిందో ఆ కాగితం మీది అంకె చెబుతుంది.

అసలు డీఫాల్ట్ అంటే 270 రోజులు కట్టకపోవడం. మన బ్యాంకుల్లో 90 రోజులకే ఖాతా మొండి బకాయి అవుతుంది, మేనేజరు నాన్నగారికి ఫోను చేస్తాడు. ఇక్కడ నాన్నగారితో పని లేదు. కోర్టుకు వెళ్లకుండానే జీతంలో 15 శాతం దాకా కోయగలరు, పన్ను రిఫండు పట్టుకుంటారు.

2019లో ఒక క్లినిక్‌లో ఉద్యోగం వచ్చింది. 2020 మార్చిలో ప్రభుత్వం వాయిదాలు ఆపి వడ్డీ సున్నా చేసినా నేను ఆపలేదు. కట్టిన ప్రతి డాలరూ అసలులోకే పోయే రోజులు మళ్లీ రావని, సబ్సిడీ లేని అప్పునే ముందు తీర్చుకుంటూ వచ్చాను. 2023 అక్టోబరులో అందరికీ వాయిదాలు మళ్లీ మొదలయ్యేసరికి నేను కట్టవలసింది ఏమీ మిగలలేదు.