నలభై నిమిషాలు

మూడోసారి కూడా ముందుకాళ్లు చాచి, వెనకకాళ్లు కూడదీసుకోలేక ఆ గుర్రప్పిల్ల గడ్డిమీద కూలబడినప్పుడు నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. "ఆగు బిడ్డా, దానంతటది లేస్తది" అంటూ గుర్రాలను చూసుకునే సాయీసు చాచా నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

తెల్లవారుజామున మూడున్నరకు పుట్టిన ఆడపిల్ల అది. పదకొండు నెలలు మోసిన తల్లి కడుపు లోపలినుంచి చిరిగిపోకుండా గిట్టల అడుగున పెరిగే మెత్తటి కుచ్చులు ఇంకా అలాగే ఉన్నాయి. ముట్టుకుంటే తాటిముంజెలా జారాయి. కాస్త నడిస్తే అవే అరిగి రాలిపోతాయి.

గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఈ లెక్క చదువుకున్నదే అయినా గడియారం చూస్తూ కూర్చోవడం వేరు. గుర్రాల్లో తల్లి రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా పిల్లకు దాదాపు చేరదు కనుక అది జున్నుపాలతోనే రావాలి, దాన్ని పీల్చుకునే శక్తి పిల్ల పేగుకు 24 గంటలకు మించి ఉండదు.

నలభై నిమిషాలకు లేచింది. మలక్‌పేట రేసుకోర్సులో రెండు నిమిషాల్లో తేలిపోయే పరుగులకు ఇదా మొదలు అనుకున్నాను.

లేచింది గానీ పొదుగును వదిలేసి గోడను, బకెట్టును, బొడ్డుకు మందు అద్దుతున్న నా చొక్కా జేబును చీకింది. అసలు చోటు దొరికేసరికి ఐదు దాటింది.

ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక చూసుకుంటే జేబు ఇంకా తడిగానే ఉంది.