స్పోర్ట్స్ కారు సస్పెన్షన్: మలుపులో పట్టు, గతుకులో మెత్తదనం రెండూ దక్కాలంటే

సస్పెన్షన్ మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "కారును ఎంత కిందికి దించొచ్చు?" అని. అడగాల్సింది "దించాక ఎంత ట్రావెల్ మిగులుతుంది?" అని. చక్రం పైకి లేవడానికీ కిందికి వేలాడడానికీ ఉన్న చోటే ట్రావెల్. ఆ చోటు ఉన్నంతవరకే స్ప్రింగూ, దాని ఊగుడును ఆపే డ్యాంపరూ (షాక్ అబ్జార్బర్) తమ పని చేస్తాయి. అది అయిపోతే బరువంతా బంప్ స్టాప్ (చివర్లో అడ్డుపడే మెత్తని దిమ్మె) మీద పడుతుంది. ఇక ఎంత మంచి డ్యాంపరు పెట్టినా దానికి కదలడానికి చోటుండదు. మలుపు మధ్యలో చిన్న గతుకు తగలగానే కారు పక్కకు గెంతినా, తిన్నని రోడ్డు మీద నడుముకు దెబ్బ తగిలినా, చాలాసార్లు మూలం ఇదే.

అందుకే పట్టు కావాలంటే సుఖం వదులుకోవాలన్న మాటను నేను ఒప్పుకోను. టైరు రోడ్డును వదలకుండా ఉండడమే పట్టు. గతుకు మీద చక్రం లేచి దిగుతున్నా బాడీ నిలకడగా ఉండడమే సుఖం. మంచి డ్యాంపరూ సరిపడా ట్రావెలూ ఉంటే రెండూ కలిసే వస్తాయి. పిడచలా గట్టిపడిన కారు చదునైన ట్రాక్ మీద బాగుండొచ్చు గానీ, మామూలు రోడ్డు మీద దాని టైరు సగం సేపు గాలిలోనే ఉంటుంది.

ఏదైనా కొనకముందే ఇప్పుడున్న ట్రావెల్ కొలవండి. డ్యాంపరు రాడ్డు చుట్టూ ఒక జిప్ టై బిగించండి. తనంతట తాను జారకూడదు, నెడితే జరగాలి. దాన్ని డ్యాంపరు బాడీ అంచు దాకా తోసి, మీరు రోజూ తిరిగే రోడ్ల మీద అరగంట నడపండి. స్ప్రింగు నొక్కుకున్నప్పుడల్లా డ్యాంపరు అంచు దాన్ని జరుపుతుంది, అత్యధికంగా ఎంతదాకా వెళ్లిందో అక్కడే అది ఆగిపోతుంది. జిప్ టైకీ బంప్ స్టాప్ కొసకూ మధ్య 25 మి.మీ. మిగిలితే, కారును 30 మి.మీ. దించిన రోజు నుంచి ప్రతి పెద్ద గతుకుకూ బంప్ స్టాప్ తగులుతుందని లెక్క. తగలడమే తప్పు కాదు. సన్నని గాలి బుడగలున్న పాలీయురిథేన్ బంప్ స్టాపులను చాలా కంపెనీలు రెండో స్ప్రింగులా వాడుకుంటాయి. కానీ కారు నిలబడి ఉన్నప్పుడే అది ఆనుకుని ఉంటే ఆ మూల స్ప్రింగు లేనట్టే.

ఇంకో రెండు గంటలు టైర్లకూ, బుష్షులకూ (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) ఇవ్వండి. టైరు కూడా స్ప్రింగే, పైగా దానికి డ్యాంపరు లేదు. గాలి ఎక్కువైతే ఏ సస్పెన్షనూ ఆ అదురును దాచలేదు. చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన ప్రెషర్ పెట్టి నడిపి చూశాకే మిగతా మాట. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే కడ్డీ) బుష్షు చిరిగి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. ఒక గడ్డపార ముక్కతో ఆర్మ్‌ను మెల్లగా కదిపి చూస్తే చిరుగు కళ్లపడుతుంది. బాల్ జాయింటులో వదులు, టాప్ మౌంటు రబ్బరులో పగుళ్లు, డ్యాంపరు మీద నూనె జాడ కూడా ఇప్పుడే చూడాలి. చాలా పాత కార్లకు కొత్త బుష్షులు, కంపెనీ రకం కొత్త డ్యాంపర్లు పెడితేనే సగం జబ్బు నయమవుతుంది.

స్ప్రింగు లెక్క

కాయిలోవర్ల (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, డ్యాంపరు జతల) పెట్టె మీద "ముందు 8, వెనక 6" అని రాసి ఉంటుంది. అది స్ప్రింగు రేటు, అంటే స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావాల్సిన కిలోలు. ఒక కిలో అంటే 9.8 న్యూటన్లు, పౌండ్/అంగుళం లెక్కలో సుమారు 56. ఈ అంకె ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. స్ప్రింగు చక్రానికి ఎంత లోపలగా కూర్చుందో చూడాలి. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 7 మి.మీ. కదిలితే మోషన్ రేషియో 0.7. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగు రేటును దాని వర్గంతో, అంటే 0.49తో, గుణిస్తే వస్తుంది. స్ట్రట్ (స్ప్రింగూ డ్యాంపరూ ఒకే నిలువు కడ్డీగా చక్రం దగ్గర బిగిసే అమరిక) ఉన్న ముందు భాగంలో ఈ నిష్పత్తి 0.95 దాకా ఉంటుంది. వెనక 0.7 ఉన్న కారుకు ముందూ వెనకా ఒకే స్ప్రింగు వేస్తే ముందు భాగం దాదాపు రెండింతలు గట్టిగా ఉండడం ఇందువల్లే.

ఒక మూల తీసుకుందాం. స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, స్ప్రింగు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు, మోషన్ రేషియో 0.95. చక్రం దగ్గర 27 న్యూటన్లు. దాన్ని 1000తో గుణించి, బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే 1.5 వస్తుంది. అంటే ఆ మూల సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. కుటుంబంతో తిరిగే కార్లు 1 నుంచి 1.5 మధ్య, రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య ఉంటాయి. అదే మూలకు 60 న్యూటన్ల స్ప్రింగు వేస్తే 2.1 దాటుతుంది, అది ట్రాక్ కారు లెక్క. రోజూ నడిపే కారుకు 1.6 నుంచి 1.8 చాలని నా అభిప్రాయం. కంపెనీ స్ప్రింగు కంటే 20 నుంచి 35 శాతం గట్టిది అంటే దాదాపు అక్కడికే చేరతాం.

వెనక భాగం ముందు కంటే 10 నుంచి 20 శాతం వేగంగా ఊగాలి. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ తేల్చిన సంగతి ఇది. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనక చక్రాలకు క్షణం తర్వాత. వెనక భాగం కాస్త వేగంగా ఊగితేనే ముందు భాగాన్ని అందుకుంటుంది, కారు గుర్రంలా ముందుకూ వెనక్కూ ఊగకుండా మట్టంగా లేచి దిగుతుంది. పైన చెప్పిన కారుకే వెనక మూల బరువు 290 కిలోలు, మోషన్ రేషియో 0.7 అనుకుంటే 70 న్యూటన్ల స్ప్రింగు వేయాలి. అప్పుడు 1.73 వస్తుంది, ముందు కంటే 15 శాతం ఎక్కువ. ముందు బాగా గట్టిగా, వెనక మెత్తగా ఉన్న కిట్ కొని "సీట్లో తల ఊగిపోతోంది" అనేవాళ్లు ఈ నిష్పత్తి తలకిందులైందేమో ముందు చూసుకోవాలి.

డ్యాంపరు దగ్గరే అసలు సంగతి

స్ప్రింగు మాత్రమే మార్చి పాత డ్యాంపరును ఉంచేస్తే, స్ప్రింగు ఎంత గట్టిపడిందో దాని వర్గమూలం మేరకు డ్యాంపింగ్ తగ్గుతుంది. స్ప్రింగును రెండింతలు చేస్తే 0.30 ఉన్న డ్యాంపింగ్ నిష్పత్తి (ఊగుడు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె, 1 అయితే అసలు ఊగదు) 0.21కి పడిపోతుంది. కారు గతుకు దాటాక కూడా రెండు మూడు సార్లు ఎగురుతూనే ఉంటుంది. లోయరింగ్ స్ప్రింగులు ఒక్కటే వేసి చేతులు కాల్చుకునేది ఇక్కడే. సుఖంగా ఉండే కార్లలో ఈ నిష్పత్తి 0.2 నుంచి 0.3, స్పోర్ట్స్ కార్లలో బాడీ కదలికలకు 0.4 నుంచి 0.7 దాకా పెడతారు.

"బాడీ కదలికలకు" అనడానికి కారణముంది. మలుపు, బ్రేకు, స్టీరింగు తిప్పడం, వీటన్నిటిలో డ్యాంపరు రాడ్డు మెల్లగా కదులుతుంది, సెకనుకు 5 సెంటీమీటర్లో ఇంకాస్త ఎక్కువో. గుంత అంచు తగిలితే అంతకు ఎన్నో రెట్లు వేగంగా దూసుకెళ్తుంది. మంచి డ్యాంపరు మెల్లని కదలికను గట్టిగా పట్టుకుని, వేగపు కదలికకు దారి వదులుతుంది. చవక కాయిలోవర్లలో ఉన్న ఒక్క నాబ్ చాలాసార్లు నూనె పక్కదారి రంధ్రాన్నే మూస్తుంది. మలుపులో ఒరిగిపోతోందని దాన్ని బిగిస్తే గతుకుల మీద కూడా కొంత అదురు పెరుగుతుంది. పైగా డ్యాంపరు ఒరుగుడును తగ్గించదు, ఆలస్యం చేస్తుంది అంతే. పొడుగాటి మలుపులో చివరికి ఎంత ఒరగాలో నిర్ణయించేది స్ప్రింగూ, ఎడమ కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ అయిన యాంటీ రోల్ బారూనే.

రీబౌండ్ (డ్యాంపరు తిరిగి సాగేటప్పటి అడ్డు) అతిగా బిగించడం ఇంకో మామూలు పొరపాటు. చిన్న గతుకులు వరసగా వచ్చే రోడ్డు మీద, స్ప్రింగు తిరిగి సాగేలోపే తర్వాతి గతుకు వస్తుంది. కారు మెట్టు మెట్టుగా కిందికి దిగి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. నడిపేవారికి స్ప్రింగు మరీ గట్టిగా ఉన్నట్టు తోస్తుంది, నిజానికి స్ప్రింగు తప్పేమీ లేదు. రీబౌండ్ నాబ్‌ను మూడు క్లిక్కులు వదిలి చూస్తే తెలిసిపోతుంది.

యాంటీ రోల్ బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మి.మీ. బార్ తీసి 24 మి.మీ. వేస్తే 42 శాతం ఎక్కువ. కంటికి రెండే మిల్లీమీటర్లు. గట్టి బార్ రెండు పక్కల చక్రాలను ఒకదానికొకటి కట్టేస్తుంది గనుక ఒక పక్క గుంత పడితే కారంతా అడ్డంగా ఊగుతుంది. ముందు బార్ గట్టిదైతే ముందు చక్రాలు పట్టు వదిలే గుణం, వెనకది గట్టిదైతే వెనక భాగం తిరిగే గుణం పెరుగుతుంది. ఒకసారి ఒకటే మార్చండి.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లకు ఒక హెచ్చరిక. వీటిని దించితే లోయర్ ఆర్మ్ లోపలి కొస కిందికీ బయటి కొస పైకీ వాలుతుంది. రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది), కారు గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. ఫలితంగా దించిన కారు అదే స్ప్రింగు మీద దించకముందు కంటే ఎక్కువ ఒరుగుతుంది, టై రాడ్డు కోణం మారి గతుకు మీద స్టీరింగు దానంతట అదే తిరుగుతుంది. 20 మి.మీ. దాకా సరే. అంతకు మించితే పొడవాటి పిన్ను ఉన్న బాల్ జాయింటూ దానికి సరిపోయే టై రాడ్డు కొసా వేయాలి. ఈ రకం సస్పెన్షన్ చెడ్డదేమీ కాదు. పోర్షే 911 జీటీ3 ముందు భాగంలో 991 తరం దాకా ఇదే ఉండేది, 992 తరంతోనే డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్మ్‌లున్న సస్పెన్షన్) వచ్చింది.

బిగించేటప్పుడు

ముందుగా నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఎత్తు రాసిపెట్టుకోండి. టో, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) బోల్టుల స్థానాన్ని పెయింటు పెన్నుతో గుర్తు పెట్టండి. కారును స్టాండ్ల మీద నిలపాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. స్ట్రట్ దించేముందు బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, హెడ్‌లైటు ఎత్తు సెన్సరు కడ్డీ విడదీయాలి. కాలిపర్‌ను హోసు మీద వేలాడనీయకుండా తీగతో కట్టండి. స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా వేసి రెండు పక్కలా సమంగా బిగించండి. స్ప్రింగు చేతికి వదులుగా కదిలాకే పై నట్టు విప్పాలి. నొక్కుకున్న స్ప్రింగు జారితే ప్రాణం తీయగలదు, ముఖం దాని వరసలో ఉండకూడదు. పై నట్టుకు ఇంపాక్ట్ గన్ వాడొద్దు, రాడ్డు తిరిగి లోపలి సీలూ వాల్వూ పాడవుతాయి. అలెన్ కీతో రాడ్డు పట్టుకుని, టార్క్ రెంచ్‌తో కారు మాన్యువల్‌లోని అంకెకు బిగించండి. ఒక్కసారే వాడాలని మాన్యువల్ చెప్పిన బోల్టులు మళ్లీ వాడకండి.

ఎక్కువమంది చేసే తప్పు బుష్షుల దగ్గర. లోహపు గొట్టానికి అతికించిన రబ్బరు బుష్షు జారదు, మెలితిరుగుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కారు నేల మీద నిలబడ్డాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కారు ఎత్తు తేడా వస్తుంది, గతుకులు గట్టిగా తగులుతాయి, కొద్ది నెలల్లో బుష్షు చిరుగుతుంది. బోల్టు వేలితో బిగించి, హబ్ కింద జాకీ పెట్టి, హబ్‌కూ ఫెండరుకూ మధ్య దూరం కారు నిలబడ్డప్పుడు ఉండాల్సినంత అయ్యేదాకా ఎత్తి, అప్పుడే టార్క్ వేయండి. యాంటీ రోల్ బార్ లింకులు కూడా కారు నేల మీద ఉండగానే, బార్ మీద బలం లేని పొడవుకు బిగించాలి.

కాయిలోవరు పై రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకోకండి. మామూలు లీనియర్ స్ప్రింగు (ఎంత నొక్కినా రేటు ఒకేలా ఉండేది) రేటు మారదు. కారు లేస్తుంది, కిందికి వేలాడే ట్రావెల్ తగ్గి, పైకి లేచేది పెరుగుతుంది. ఎత్తును కింది బ్రాకెట్‌తో మార్చే రకమైతే స్ప్రింగును వదులు లేనంతవరకు బిగించి వదిలేసి, ఎత్తంతా బ్రాకెట్ దగ్గరే సర్దండి.

అలైన్‌మెంట్‌కు డ్రైవరు సీట్లో మీ బరువంత ఏదైనా పెట్టి, ట్యాంకులో సగం ఇంధనంతో వెళ్లండి. రోడ్డు కోసం ముందు క్యాంబర్ మైనస్ 1.5 నుంచి మైనస్ 2 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 దగ్గర. ముందు టో సున్నా, వెనక ఒక్కో చక్రానికి 0.1 నుంచి 0.15 డిగ్రీలు లోపలికి. టైరును అరగదీసేది ఎక్కువగా టోనే, క్యాంబర్ కాదు. మూలల బరువు తూచే వీలుంటే, ఒక బార్ లింకు విప్పి, ముందు కుడి, వెనక ఎడమ మూలల బరువుల మొత్తం కారు బరువులో 50 శాతానికి అర శాతం అటూ ఇటూగా తెచ్చుకోండి. ముందు అద్దం దగ్గర కెమెరా ఉన్న కార్లకు ఎత్తు మారాక దాన్ని మళ్లీ సరిచేయించాలి, హెడ్‌లైట్లను కూడా.

క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా బిగించిన స్థానం నుంచి వదులుతూ లెక్కపెట్టాలి. ఆగిన చోట బలవంతం చేస్తే డ్యాంపరు లోపలి సూది వాల్వు పాడవుతుంది. మధ్యలో మొదలుపెట్టి, ఒకే రోడ్డు మీద, ఒకే ప్రెషర్‌తో, ఒకసారికి ఒక ఇరుసు మీద రెండు క్లిక్కులు మార్చి రాసుకోండి.

వంద కిలోమీటర్లకు వీల్ బోల్టులు మళ్లీ చూడండి. 500 కిలోమీటర్లకు స్ప్రింగులు కుదురుకుని ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు దిగి ఉంటుంది, అప్పుడు ఎత్తూ అలైన్‌మెంటూ ఇంకోసారి. కొత్త డ్యాంపరు రాడ్డుకూ ఒక జిప్ టై కట్టి ఉంచండి. అది బంప్ స్టాప్‌లో పూర్తిగా నొక్కుకుని కనిపిస్తే క్లిక్కులతో కుస్తీ పట్టకుండా కారును 5 మి.మీ. పైకి లేపండి.