కదిలే తాడు, కదలని తాడు: నిద్రగన్నేరు మీద నాలుగు నెలల లెక్కలు

ఫిబ్రవరి

ఇది తాడుతో చెట్టెక్కే ఆట. చెట్టు నిద్రగన్నేరు, బెంగళూరు కనకపుర రోడ్డు వైపు ఒక తోటలో. యజమాని అనుమతి ఉంది. కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ చెట్లూ, రోడ్డు పక్క చెట్లూ ఈ ఆటకు కావు, వాటి జోలికి పోవద్దు. తాడు వేయదగ్గ పంగలు రెండున్నాయి, ఒకటి 9 మీటర్ల ఎత్తున, రెండోది 14 మీటర్ల ఎత్తున. రెండూ పచ్చి కొమ్మలే. పంగ దగ్గర మందం 15 సెంటీమీటర్లకు పైనే. అంతకంటే సన్నటి కొమ్మను ఆధారంగా తీసుకోకూడదు.

పని ఒక్కటే. అదే చెట్టు, అదే పంగ, అదే బరువు. తాడు పద్ధతి మాత్రమే మార్చి ఏది ఎక్కడ పనికొస్తుందో చూడటం. తాడు కొమ్మ మీదుగా జారుతూ ఎక్కేవాడితో పాటు కదిలితే అది ఎంఆర్‌ఎస్ (మూవింగ్ రోప్ సిస్టమ్). తాడు నిలిచి ఉండి, మనిషి దాని మీద పాకితే ఎస్ఆర్‌టీ (సింగిల్ రోప్ టెక్నిక్). కింద కదిలే తాడు, కదలని తాడు అనే రాస్తున్నాం.

తాడు పొడవు 45 మీటర్లు. మందం 12 మి.మీ., పైతొడుగు పాలిస్టర్, తెగే బలం 22 కిలోన్యూటన్లకు (సుమారు 2,200 కిలోల బరువుకు) పైన. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పసుపు ప్లాస్టిక్ తాడుతో ఒక్క అడుగు కూడా ఎక్కొద్దు. ముడి దగ్గర రాపిడి వేడికే అది కరుగుతుంది.

తాడును కొమ్మ మీదికి చేర్చడానికి ముందు సన్నదారం కట్టిన బరువు సంచి విసరాలి. పైకి చూడకుండా దాన్ని విసరొద్దు. బెంగళూరు నిద్రగన్నేర్ల అడ్డకొమ్మల కింద పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. బైనాక్యులర్‌తో ప్రతి కొమ్మ అడుగుభాగం చూడాలి. పట్టు కనిపిస్తే ఆ రోజుకు ఆ చెట్టు వద్దు. మామిడి అయితే ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఉన్నాయేమో చూడాలి. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు, తొర్రలు, బెరడు ఊడిన మచ్చలు ఉంటే లోపల పుచ్చు ఉందనే అనుకోవాలి.

విసురు సంచి 340 గ్రాములు, సన్నదారం 2 మి.మీ. 9 మీటర్లకు ఇది చాలు. నిద్రగన్నేరు బెరడు గరుకుగా ఉంటుంది కాబట్టి 14 మీటర్ల పంగ మీద సంచి ఆగిపోయి కిందికి దిగదు. 400 గ్రాముల సంచికి మారితే దిగింది. సంచి ఇరుక్కుంటే దారాన్ని చేతికి చుట్టుకుని గుంజొద్దు. ఊడిన సంచి వడిసెల రాయిలా మొహం మీదికి వస్తుంది. పక్కకు నడిచి, కోణం మార్చి మెల్లగా ఆడించాలి. హెల్మెట్ విసరక ముందే తలమీద ఉండాలి.

మార్చి: కదిలే తాడు

అమర్చడం సులువు. తాడు కొమ్మ మీదుగా వెళ్లి రెండు కాళ్లుగా వేలాడుతుంది. ఒక కాలు కొస హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలకు కట్టాలి. రెండో కాలి మీద రాపిడి ముడి (బరువు పడితే తాడును పట్టేసి, బరువు లేనప్పుడు జరిగే ముడి) వేసి, దాన్నీ హార్నెస్‌కే తగిలించాలి. బరువు రెండు కాళ్ల మీద సగం సగం పంచుకుంటుంది కాబట్టి రాపిడి ముడి మోసేది సగమే. చేత్తో వదులు చేసి దిగగలగడానికి కారణం ఇదే.

కొత్తవాళ్లకు బ్లేక్స్ హిచ్ అనే రాపిడి ముడి చాలు. దీన్ని తొందరగా చదవొద్దు. ఈ ముడి వేసే పట్టీ తాడు మీటరున్నర ముక్క. ఒక కొస హార్నెస్ కారాబైనర్‌లో, అంటే తెరిచి మూసే లోహపు కొక్కెంలో ఉంటుంది. రెండో కొసతో ఎక్కే తాడు చుట్టూ కింది నుంచి పైకి 4 చుట్లు వేయాలి. మొదటి రెండు చుట్ల కింద బొటనవేలు పెట్టి ఆ సందు నిలపాలి. నాలుగో చుట్టు అయ్యాక కొసను కిందికి తెచ్చి, హార్నెస్ నుంచి వచ్చే పాయ ముందు నుంచి దాటించి, ఎక్కే తాడు వెనక నుంచి తిప్పి, బొటనవేలున్న సందులోంచి బయటికి లాగాలి. కొస కనీసం 10 సెంటీమీటర్లు మిగలాలి, దాని చివర 8 అంకె ఆకారంలో వేసే ఎనిమిది ముడి ఉండాలి.

తప్పు ఎక్కువగా ఒక్కచోటే జరుగుతుంది. కొసను పాయ ముందు నుంచీ తాడు వెనక నుంచీ తిప్పకుండా నేరుగా సందులో దూర్చేస్తారు. చూడటానికి అచ్చం బ్లేక్స్ హిచ్‌లానే ఉంటుంది, కానీ బరువు పడితే జారుతుంది. అందుకే ప్రతిసారీ నేలకు అర మీటరు ఎత్తులో కూర్చుని, చేతులు వదిలి, నిమిషం ఆగి చూడాలి.

ఎక్కడానికి రాపిడి ముడి కింద, అదే కాలి మీద ప్రూసిక్ ముడితో పాదం ఉచ్చు కట్టాలి. ఈ ముడి 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ వెలుగులోకి తెచ్చింది. ఉచ్చులో నిలబడి బ్లేక్స్ ముడిని పైకి జరపాలి, కూర్చోవాలి, ప్రూసిక్‌ను పైకి లాగాలి. లెక్క ఇక్కడ తేలుతుంది. కాళ్లు 40 సెంటీమీటర్లు చాచినా ఒంటికి దక్కే ఎత్తు 20 మాత్రమే. తాడు కూడా కిందికి జారుతుంది కాబట్టి సగం అటు పోతుంది. 9 మీటర్లకు 45 లేవడాలు, 14 మీటర్లకు 70. బలం సగమే కావాలి గానీ సార్లు రెట్టింపు.

ఆ సగం బలం కూడా కాగితం మీద లెక్కే. తాడు నేరుగా బెరడు మీద జారితే రాపిడి చాలా తినేస్తుంది. బెరడు కూడా రంపం పెట్టినట్టు కోసుకుపోతుంది, దాని కింది పచ్చిపొర దెబ్బతింటే కొమ్మకే ముప్పు. రెండు ఉంగరాల పట్టీ (తాడు బెరడుకు తగలకుండా ఉంగరాల్లోంచి జారుతుంది), లేదంటే కనీసం తోలు గొట్టం కొమ్మ మీద పెట్టాల్సిందే. ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాం. ఉంగరాల పట్టీ పెట్టాక అదే చెట్టు, అదే ముడి వేరే ఆటలా అనిపిస్తాయి.

దిగేటప్పుడు ముడి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాలి. 10 మీటర్లకు కనీసం నిమిషం పట్టాలి. వేగంగా దిగితే ముడి లోపలి చుట్లు వేడెక్కి, తాడు మీద నున్నటి గాజుపూత లాంటి మెరుపు వస్తుంది. వేలితో రుద్దితే గట్టిగా, జారుడుగా తగులుతుంది. ఆ పట్టీ ముక్కను పారేయాలి. మళ్లీ కట్టొద్దు.

ఏప్రిల్: కదలని తాడు

ఇక్కడ అన్నిటికంటే ముందు కొమ్మ మీద పడే బరువు చూడాలి. తాడు ఒక కొసను చెట్టు మొదట్లో కట్టి, కొమ్మ మీదుగా తెచ్చి, రెండో వైపు ఎక్కితే మొదలు వైపు కాలు కూడా అంతే బలంతో కిందికి లాగుతుంది. మనిషి, సామాను కలిపి 75 కిలోలైతే కొమ్మ మీద సుమారు 150 కిలోలు. బెరడు రాపిడి కొంత తగ్గిస్తుంది, అయినా కొమ్మను ఎంచేటప్పుడు లెక్క 150కే వేయాలి. పైగా ప్రతి లేవడానికీ తాడు ఊగుతుంది, ఆ ఊపు అదనం. కదిలే తాడులో అదే కొమ్మ మోసేది 75 మాత్రమే. ఆ పద్ధతికి సరిపోయిన కొమ్మ ఈ పద్ధతికీ సరిపోతుందని అనుకోవడం పెద్ద పొరపాటు.

ఎక్కే ముందు ఇద్దరు కలిసి తాడు ఎక్కే వైపు కాలికి వేలాడి, మెల్లగా ఊగి పరీక్షించాలి. కొమ్మ మొదట్లో చిటపట వినిపించినా, పై కొమ్మలు విడిగా కదిలినా వేరే పంగ చూసుకోవాలి. ఏప్రిల్, మే సాయంత్రపు గాలివానలు బెంగళూరులో తురాయి కొమ్మల్ని విరిచేస్తాయి. గాలి వచ్చిన మర్నాడు పాత పంగనూ కొత్తగానే పరీక్షించాలి. తురాయి, సిల్వర్ ఓక్ చెట్లు ఈ పద్ధతికి వద్దు.

కొమ్మ మీదే తాడును బిగించి, అంటే జారు బోలైన్ అనే ముడితో పైకి లాగి ఉరి బిగించినట్టు కడితే బరువు 75కి తగ్గుతుంది. అయితే సన్నదారం ఆ ఒక్క కొమ్మనే చుట్టి రావాలి. మధ్యలో చిన్న రెమ్మ చిక్కినా ముడి దాని మీద ఆగుతుంది, ఆ రెమ్మ విరిగితే తాడు ఒక్కసారి కిందికి పడుతుంది. బైనాక్యులర్‌తో ముడి కొమ్మను ఆనిందని చూశాకే బరువు వేయాలి.

చెట్టు మొదట్లో కట్టడంలో లాభం వేరు. అక్కడ మామూలు ముడికి బదులు రిగ్ లాంటి దిగుడు పరికరం పెట్టి తాళం వేస్తే, పైన ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే కిందివాళ్లే దింపగలరు. దానికి తాడు ఎత్తుకు మూడు రెట్లుండాలి. 14 మీటర్లకు 42, కట్టడానికి కొంత అదనం. 45 మీటర్లు బొటాబొటిగా సరిపోయాయి. ఆ ముడిని ఎవరూ ముట్టుకోకుండా ఒక మనిషి అక్కడే ఉండాలి.

ఎక్కుడు మాత్రం హాయి. రొమ్ము దగ్గర క్రోల్, చేతిలో ఉచ్చున్న అసెండర్. రెండూ తాడు మీద పైకి జారి, కిందికి జారకుండా పళ్లతో పట్టుకునేవే. 40 సెంటీమీటర్లు లేస్తే 40 సెంటీమీటర్లూ మనవే. 14 మీటర్లకు 35 లేవడాలు, అంటే సగం. పళ్లున్న ఈ పరికరాల మీద కుదుపు పడకూడదు. తాడు వదులుగా ఉండగా పడితే పళ్లు పైతొడుగును చీల్చేస్తాయి. పరికరాన్ని దాటి పైకి ఎప్పుడూ ఎక్కొద్దు.

కష్టమంతా దిగుడుకు మారడంలోనే. క్రోల్ కింద దిగుడు పరికరం పెట్టి, వదులంతా లాగేసి, అది క్రోల్‌కు దాదాపు తగిలేలా చేసి తాళం వేయాలి. ఉచ్చులో నిలబడి క్రోల్ తెరవాలి. దిగుడు పరికరం మీద కూర్చోవాలి. చేతి అసెండర్ చివరగా తీయాలి. క్రోల్ తెరిచే ముందు వదులు పూర్తిగా తీయకపోతే కూర్చున్నప్పుడు బరువు చేతి అసెండర్ పట్టీ మీద పడుతుంది, అది చేతికి అందని ఎత్తులో బిగుసుకుపోతుంది. అప్పుడు మళ్లీ క్రోల్ తగిలించి మొదటి నుంచి చేయడమే దారి. నేలకు మీటరు ఎత్తులో ఇది 20 సార్లు తప్పు లేకుండా వచ్చేదాకా 9 మీటర్లకు పోవద్దు.

ఒంటి తాడు మీద బ్లేక్స్ హిచ్ ఒక్కటే వేసి దిగాలని చూడొద్దు. పూర్తి బరువు దాని మీదే పడుతుంది. ముడి బిగుసుకుని వదలదు, వదిలించబోతే ఒక్కసారిగా జారుతుంది. ముడి పైన అదనపు రాపిడి ఇచ్చే రోప్ రెంచ్ పుట్టింది ఇందుకే.

మే: రెండూ కలిపి

నిద్రగన్నేరు అందం అడ్డకొమ్మల్లో ఉంది. కొమ్మ మీద బయటికి నడవడానికి తాడు కాస్త వదలాలి, కాస్త లాగాలి, క్షణక్షణం. పళ్ల పరికరాలు పైకి జారతాయి గానీ బరువు మీద తాడు వదలవు. అక్కడ కదిలే తాడుకు సాటి లేదు. కాబట్టి పైకి పోవడానికి కదలని తాడు, పైన తిరగడానికి కదిలే తాడు అని స్థిరపడ్డాం.

మార్పు 14 మీటర్ల పంగ దగ్గర. ముందు మోకు. గీత కార్మికులు తాటిచెట్టుకూ నడుముకూ కలిపి వేసే మోకు చేసే పనే ఇక్కడ పొట్టి పట్టీ చేస్తుంది, కాబట్టి మా సామానులో దాని పేరు మోకే. దాన్ని కాండం చుట్టూ తిప్పి హార్నెస్ రెండు వైపులా తగిలించాలి. తర్వాత రెండో తాడును ఉంగరాల పట్టీతో పంగ మీద పెట్టి, బ్లేక్స్ హిచ్ వేసి, దాని మీద పూర్తిగా కూర్చుని చూడాలి. ఆ తర్వాతే క్రోల్ తెరవాలి. మొదటి తాడును అలాగే వేలాడనివ్వాలి, సాయానికి ఇంకొకరు ఎక్కి రావడానికి అదే దారి. కొమ్మ మీద రెండు మీటర్లకు ఒకసారి మోకు వేసుకుంటూ నడవాలి. పై ఆధారం నుంచి తాడు మరీ పడుకున్నట్టు కనిపిస్తే అక్కడ ఆగాలి. కాలు జారితే కాండం వైపు ఊగేది ఎంత దూరమో ఆ వాలే చెబుతుంది.

ఉదయం 7కు మొదలుపెట్టి 11కల్లా దిగేస్తున్నాం. అంతకు ముందే మబ్బు పడితే ఆకులు ముడుచుకోవడం మొదలవుతుంది. దిగే గుర్తుగా దాన్నే పెట్టుకున్నాం.