డబ్బు కడుతూ కనిపించని మెంబర్లు

ఈ రోజు లైవ్ క్లాసు లేదు. అందుకే ఎప్పట్నుంచో రేపు రేపు అంటూ నెట్టుకొస్తున్న పని ముందేసుకుని కూర్చున్నా, మా డ్రాయింగ్ మెంబర్‌షిప్ అసలు ఏ స్థితిలో ఉందో ఉన్నదున్నట్టు చూసుకోవడం. లెక్కలు చూసే వదినని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నా, ఆవిడ ఉంటే గొప్పలు పోవడానికి కుదరదు.

మొదట స్వాట్‌తోనే మొదలెట్టాం, నాలుగు గళ్ళు గీసి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. బలాల గడి ఇట్టే నిండిపోయింది (ఎవరిదైనా అంతేననుకుంటా). వదిన ఒక్కో లైను మీదా పెన్ను ఆనించి "ఇది రేపట్నుంచి లేదంటే ఎవరైనా అడుగుతారా?" అంటూ వచ్చింది. రికార్డింగుల లైబ్రరీ దగ్గర ఆగి వ్యూస్ తీస్తే, కొత్తవి ఓ వారం చూస్తున్నారు, పాతవాటి జోలికి ఎవరూ పోవట్లేదు. అదే బొమ్మలు దిద్దే సెషన్ ఒక్క వారం లేకపోతే మెసేజ్‌లు వచ్చిపడతాయి. అందులో నేను చేసేది పెద్దగా ఏమీ లేదు, వాళ్ళు పంపిన బొమ్మ స్క్రీన్ మీద పెట్టి దానిమీదే ఎర్ర గీతతో భుజం ఇక్కడ కాదు కాస్త కిందకి రావాలి, మెడ ఇంత పొడుగు ఉండదు అని గీసి చూపిస్తా, అంతే. మొదటి నెలలో ఒక్కసారైనా బొమ్మ దిద్దించుకున్నవాళ్ళు ఎక్కువమంది ఉండిపోతున్నారు. అలాగని దిద్దడం వల్లే ఉంటున్నారని ఇప్పుడే సంబరపడిపోలేం, హుషారున్నవాళ్ళే బొమ్మ పంపుతారు కదా, వాళ్ళు ఎలాగూ ఉండేవాళ్ళేమో. అందుకే వచ్చే నెల చేరేవాళ్ళందరినీ మేమే అడిగి మరీ మొదటి బొమ్మ తెప్పించుకుందాం, అప్పుడు తేలుతుంది.

తర్వాత మానేసేవాళ్ళ లెక్క, అదే చర్న్. నెలకి 5 శాతం అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ, వందమందితో మొదలెట్టి కొత్తవాళ్ళెవరూ చేరకపోతే 12 నెలలకి మిగిలేది 54 మందే. దాన్ని 3 శాతానికి తేగలిగితే 69 మంది ఉంటారు. ఆ తేడా కోసం ప్రకటనల మీద ఎంత తగలెయ్యాలో ఆలోచించండి! పైగా మానేసినవాళ్ళ లిస్టులో కొందరు అసలు మానేద్దామనుకోనే లేదు, కార్డు గడువు తీరి పేమెంటు ఫెయిలైంది, అంతే. గడువుకి ముందే ఓ మెయిల్, ఫెయిలైతే రెండు రోజులాగి మళ్ళీ ప్రయత్నం, ఈ సెట్టింగ్ మధ్యాహ్నమే ఆన్ చేసేశా.

సర్వే పెడదామా అనుకున్నాం. మమ్మల్ని మీ స్నేహితులకి సిఫారసు చేసే అవకాశం ఎంత అని 0 నుంచి 10 దాకా అంకె వెయ్యమని అడుగుతారే, ఫ్రెడ్ రైకెల్డ్ అనే బిజినెస్ కన్సల్టెంట్ 2003లో బయటపెట్టిన ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్), అది. 9, 10 ఇచ్చినవాళ్ళ శాతంలోంచి 6 గానీ అంతకంటే తక్కువ గానీ ఇచ్చినవాళ్ళ శాతం తీసేయడం. కానీ జవాబిచ్చేది 20 మందే అయితే 9 ఇవ్వాల్సిన ఒకాయన ఆ రోజు చిరాకులో ఉండి 6 ఇచ్చాడంటే స్కోరు ఏకంగా 10 పాయింట్లు పడిపోతుంది. మాలాంటి చిన్నవాళ్ళకి దానికంటే మానేసినవాళ్ళతో ఫోన్లో మాట్లాడుకోవడమే నయం.

ఇక ముప్పుల గడిలో ఉన్నది ఒకటే పెద్దది, ఫ్రీగా దొరికే వీడియోలు. దాన్ని బలాల పక్కన పెట్టి చూస్తేనే దారి కనపడింది, ఎందుకంటే ఏ వీడియో కూడా నీ బొమ్మ చూసి నీ తప్పు చెప్పదు. అలాంటప్పుడు వీడియోలతో పోటీపడి ఇంకో రికార్డింగ్, ఇంకో రికార్డింగ్ అని చేసుకుంటూ పోవడం దేనికి? ఈ నెలతో ఆపేస్తున్నాం, ఆ టైంలో దిద్దే సెషన్ ఇంకోటి పెడతాం.

అసలు గొడవంతా చివర్న వచ్చింది. నెలనెలా డబ్బు కడుతూ కొన్ని నెలలుగా లాగిన్ కూడా అవ్వనివాళ్ళున్నారు. వీళ్ళని ఏ గడిలో వెయ్యాలి?

"బలంలోనే, డబ్బొస్తోంది కదా," అంది వదిన.

"గుర్తొచ్చిన రోజున ఒక్కసారే పోతారు వదినా, పోతూ పోతూ మోసపోయామనుకుని పోతారు."

"సరే, ఇప్పుడు నువ్వే గుర్తుచేస్తే మటుకు? తెలిసి తెలిసి ఆదాయం పోగొట్టుకుంటావా?"

ఆవిడ అన్నదీ నిజమే, మెయిల్ పెడితే కొందరు కచ్చితంగా మానేస్తారు. నాకైతే వాళ్ళ డబ్బుని లెక్కలో చూసుకుని మురిసిపోవడం ఇష్టం లేదు, రేపు ఖర్చులు ఆ అంకెని నమ్ముకుని పెంచేస్తే కష్టం కూడా. చాలాసేపు వాదించుకున్నాక, మానేయడం ఒక్కటే కాకుండా రెండు నెలలు పాజ్ చేసుకునే వీలు కూడా ఇద్దాం అన్నా. ఆవిడ దానికి ఒప్పుకుంది, కానీ అందరికీ ఒకేసారి వద్దు, ముందు కొద్దిమందికి పంపి ఎంతమంది పాజ్ అంటారో ఎంతమంది బొమ్మ పంపుతారో చూసి మిగతావాళ్ళ సంగతి తేలుద్దాం అంది. మెయిల్‌లో "మిమ్మల్ని మిస్సవుతున్నాం" అని నేను రాసిన లైను కొట్టేసి "మీ బొమ్మ ఒకటి పంపండి, దిద్ది పంపుతాం" అని రాసింది. మొదటి విడత రేపు పొద్దున వెళ్తుంది.