బీరువా తాళాలు తీసిన వేసవి

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో ఉంటాను. మూడేళ్ళుగా, బడులకు వేసవి సెలవులు ఇచ్చిన మరుసటి వారం నుంచి, వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి, భీమిలి దారిలో ఉన్న ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడ నడిచే వేసవి శిబిరంలో పిల్లలకు కథలు చెప్పి, ఎండ ముదిరే వేళకు ఇంటికి చేరుతున్నాను. శిబిరంలో ఎన్ని ముచ్చట్లు జరిపినా, బీరువా తలుపు తెరిచి పిల్లవాణ్ణి పుస్తకాల ముందు నిలబెట్టనంతవరకు అది గ్రంథాలయం గదిలో జరిగిన శిబిరమే అవుతుంది కాని గ్రంథాలయం చేసిన పని కాదని ఈ మూడేళ్ళలో నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. అంతకు ముందు ఒక వేసవిలో వేరే ఊరి గ్రంథాలయంలో ఇటువంటి శిబిరానికే వెళ్ళాను. బొమ్మలు గీయించాము, కాగితాలతో పడవలూ పక్షులూ చేయించాము, చదరంగం, క్యారమ్స్ ఆడించాము, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడించాము. చివరి రోజున ధ్రువపత్రాలు పంచి ఫొటోలు తీసుకున్నాము. నలభై మందికి పైగా పిల్లలు వచ్చారు. అయితే ఆ నెలన్నర రోజుల్లో ఒక్క బీరువా తాళమైనా తీయలేదు. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది తానేనని అక్కడి ఉద్యోగి భయపడ్డారు. అలా భయపడ్డందుకు ఆయనను తప్పు పట్టలేను. కాని అద్దాల తలుపులకు ముక్కు ఆనించి, లోపలి రంగురంగుల అట్టలను చూసి వెళ్ళిన ఆ పిల్లల్లో, జూన్‌లో బడి తెరిచాక గ్రంథాలయం మెట్లెక్కినవారు ఒక్కరూ లేరు.

ఇప్పుడు నేను వెళుతున్న చోట గ్రంథాలయాధికారి మొదటి రోజే తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టి, "కథలు మీరు చెప్పండి టీచరుగారూ, పుస్తకాలు మాత్రం వాళ్ళ చేతులతో వాళ్ళనే తీసుకోనిద్దాం" అన్నారు. ఒక్కొక్క తాళంచెవికి ఒక్కొక్క రంగు దారం కట్టి ఉంది. పసుపు దారం బాలసాహిత్యానికి, ఎరుపు దారం నవలలకు. మొదటి అరగంట మేము ఎవరికీ ఏ పనీ చెప్పము. పిల్లలు బీరువాల మధ్య తిరుగుతారు, చేతికందినది తీస్తారు, బొమ్మలు చూస్తారు, నచ్చకపోతే బల్ల మీద వదిలేస్తారు. తీసిన పుస్తకాన్ని మళ్ళీ అరలో తామే పెట్టవద్దని మాత్రం చెబుతాము, ఎందుకంటే ఒకసారి వేరే వరుసలోకి వెళ్ళిన పుస్తకం ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేము. పుస్తకాల వెన్ను మీద ఉన్న అంకెలు ఏమిటని వాళ్ళే అడిగారు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో 398 దగ్గర జానపద కథలు ఉంటాయనీ, 500తో విజ్ఞానశాస్త్రం మొదలవుతుందనీ, 894.827 అంటే తెలుగు సాహిత్యమనీ చెప్పిన తరువాత, కొత్త వీధిలో ఇంటి నంబరు వెతికినట్లు వాళ్ళు అంకెలు పట్టుకుని పుస్తకాలు వెతకడం మొదలుపెట్టారు. పుస్తకాలున్నది ఉపయోగించడానికేననీ, ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనీ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు సూత్రాలు ప్రకటించింది 1931లో. ఆ మొదటి సూత్రం అర్థం కావడానికి నాకు తాళం వేసిన బీరువా ఒకటి చూడవలసి వచ్చింది.

స్థలం విషయంలో ఇబ్బంది ఉన్నమాట నిజమే. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తెరిచి ఉండే ఆ రెండు గదుల్లోనే దినపత్రికల కోసం వచ్చే పెద్దలు, డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదువుకునే యువకులు, మా పిల్లలు సర్దుకోవాలి. పిల్లల సందడికి చదువుకునేవారి ఏకాగ్రత చెడుతుందని మొదటి వారంలోనే ఫిర్యాదు వచ్చింది. అందుకని కథలు చెప్పడం వరండాలోకి మార్చాము. పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి వారానికి ఒక రోజు తానే వచ్చి పిల్లలకు లెక్కల్లో చిక్కు ప్రశ్నలు ఇవ్వసాగింది. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఆ రోజు కూడా కొందరు పిల్లలు వచ్చి గేటు పట్టుకుని చూసి వెళ్ళారని ఎదురుగా ఉన్న టీకొట్టు ఆయన చెప్పినప్పుడు మాత్రం మనసుకు కష్టంగా అనిపించింది.

మా పిల్లల్లో సగానికి పైగా మత్స్యకారుల ఇళ్ళ నుంచి వచ్చేవారే. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవల మీద వేట నిషేధిస్తారు. బడి సెలవులూ దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి కనుక, ఏడాదిలో మిగిలిన కాలమంతా తెల్లవారకముందే కడలి మీదకు వెళ్ళిపోయే తండ్రులు ఆ రెండు నెలలు ఇంటిపట్టునే ఉంటారు. "మా నాన్న ఇంటికాడే ఉన్నాడండి, వల బాగు చేస్తన్నాడు" అని ఒక పిల్లవాడు అన్న మాటతో, ఆ తండ్రులను గ్రంథాలయానికి పిలవాలన్న ఆలోచన కలిగింది. మొదట ఇద్దరే వచ్చారు. చదువు రాదని మొహమాటపడుతూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. చేపల బొమ్మలున్న పుస్తకం వాళ్ళ ముందు తెరిచి, వీటి పేర్లు మీరు చెప్పాలి, పిల్లలు రాసుకోవాలి అన్నాను. వంజరం, కోనాం, చందువ, కానాగంత, నెత్తళ్ళు అంటూ మొదలైన జాబితా మర్నాటికి మూడు పేజీలు నిండింది. వంజరం, కోనాం ఒకటేనా వేరా అని ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. పిల్లలు ఇద్దరి మాటా రాసుకున్నారు. ఏ గాలికి ఏ చేప పైకి వస్తుందో, వల కన్ను ఎంత ఉంటే ఏది చిక్కుతుందో ఆ నోట్‌బుక్‌లో ఉంది. గ్రంథాలయాధికారి దానికి అట్ట వేయించి, చదువుకునే బల్ల మీద పత్రికల పక్కన ఉంచారు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పిల్లలు అంత శ్రద్ధగా తప్పుల్లేకుండా రాయడం నేను అరుదుగా చూశాను.

ఇదంతా మనకు కొత్త కాదు. మంత్రిప్రగడ సాంబశివరావు పంతులు గారు మన విశాఖపట్నంలోనే 1886లో సరస్వతీ నిలయం స్థాపించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం పోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ వెంట పడవ మీద పుస్తకాలు పంపించారు. వాళ్ళ దృష్టిలో గ్రంథాలయం అంటే రాత్రి బడి, ఉపన్యాసం, ఊరంతా కూర్చుని పత్రిక చదివించుకునే అరుగు కూడా. వేసవి శిబిరం వాళ్ళ దారిలోదే.

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది కనుక, ఆ బీరువాల్లోని పుస్తకాలు ఆ మత్స్యకారుల పిల్లలవి కూడా. అయినా పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వానికి ధరావతు కట్టాలి. అది తిరిగి ఇచ్చేసే సొమ్మే, పెద్ద మొత్తమూ కాదు. కాని వేట లేని నెలల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో అది కూడా ఆలోచించుకోవలసిన ఖర్చే. నాతో పనిచేసిన ఉపాధ్యాయులం కొందరం కలిసి ఈసారి పన్నెండు మందికి కట్టాము. శిబిరానికి బ్యానర్లు, జ్ఞాపికలు ఇద్దామని ముందుకు వచ్చేవారిని నేను వేడుకునేది ఇదే: ఆ డబ్బుతో పిల్లలకు సభ్యత్వాలు ఇప్పించండి.

"ఇది ఇంటికి పట్టుకెల్లిపోవచ్చా టీచరుగారూ?" అని ఆ వల పిల్లవాడు మూడుసార్లు అడిగాడు. పుస్తకం చివర అంటించిన చీటీ మీద గడువు తేదీ ముద్ర పడేదాకా నమ్మలేదు. ఆ తేదీ బడి తెరిచిన తరువాతి వారంలో పడింది, అప్పటికి శిబిరం ముగిసిపోయింది, వాళ్ళ నాన్న మళ్ళీ వేటకు వెళ్ళిపోయాడు. ఒక సాయంత్రం గ్రంథాలయాధికారి ఫోన్ చేసి, పిల్లవాడు యూనిఫాంతోనే వచ్చి పుస్తకం అప్పగించి, చెల్లెలి కోసమని పసుపు దారం బీరువా తీయించుకుని మరొకటి పట్టుకెళ్ళాడని చెప్పారు.