పిన్ని విన్న గొంతులు

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. పొద్దున బట్టలు ఉతికి ఆరేశాను, మధ్యాహ్నం కాసేపు పడుకున్నాను. సాయంత్రం గది తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వారం రోజులుగా ఆడుతున్న ‘హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్’ అనే వీడియో గేమ్ ముగించాను. ఆట అయిపోయి రెండు గంటలవుతున్నా ఆ గుసగుసలు చెవులను వదలడం లేదు. రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

ఆటలో కథానాయిక సెనువా పూర్వం స్కాట్లాండ్‌లో ఉండిన పిక్ట్ తెగకు చెందిన యోధురాలు. ఆమె ప్రేమించిన డిలియన్‌ను సముద్రం దాటి వచ్చిన నార్స్ వైకింగుల దండు బలి ఇచ్చింది. అతని తలను గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని, ఆత్మను వెనక్కి తెచ్చుకుంటానని హెల్‌హైమ్ అనే మృత్యులోకానికి బయలుదేరుతుంది. ఆమెకు సైకోసిస్ ఉంది, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక స్థితి. ఎవరూ లేనిచోట ఆమెకు గొంతులు వినిపిస్తాయి. ఆట నడిచినంతసేపూ అవి మనకూ వినిపిస్తాయి.

ఎలా వినిపిస్తాయంటే, ఒకటి ఎడమ చెవి వెనక నవ్వుతుంది. ఇంకొకటి అటు నుంచి ఇటు తిరుగుతూ ‘వెనక్కి వెళ్లిపో’ అంటుంది. మరొకటి జాలిపడుతుంది. మనిషి తల ఆకారంలో ఉండే మైకు చుట్టూ నటులు తిరుగుతూ మాట్లాడితే రికార్డు చేశారట. 2017లో ఈ ఆటను విడుదల చేసిన నింజా థియరీ సంస్థ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ మనోవైద్యుడు పాల్ ఫ్లెచర్ సాయం తీసుకుంది, ఇలాంటి గొంతులను స్వయంగా విన్నవాళ్లనూ కూర్చోబెట్టి అడిగింది. అడిగింది అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మా పిన్నిని మేమెవరం అడగలేదు.

గిన్నెలు తోముతూ తోముతూ పిన్ని ఉన్నట్టుండి ఆగేది. కుళాయి కట్టేసి, తల కొంచెం పక్కకు వంచి వినేది. చేతుల నుంచి నురుగు కారుతూ ఉండేది. ‘అక్కడ ఎవరూ లేరు పిన్నీ’ అనేదాన్ని. ధైర్యం చెబుతున్నాననే అనుకునేదాన్ని. ‘నీకు లేరులే నాన్నా’ అని మళ్లీ కుళాయి తిప్పేది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. పిన్ని పోయాక పిన్ని పేరు కూడా తగ్గిపోయింది.

ఆట మొదట్లోనే ఒక హెచ్చరిక వస్తుంది. ఓడిపోయిన ప్రతిసారీ సెనువా చేతిపై ఉన్న నల్లటి కుళ్లు పైకి పాకుతుందని, అది తలకు చేరితే ఆడినదంతా పోతుందని. నేను నమ్మేశాను. మూడు రోజుల పాటు ప్రతి దెబ్బకూ ముందు ఆ చేతినే చూసుకున్నాను, అరచేతులు చెమట పట్టేవి. నిజానికి అలా ఏమీ చెరిగిపోదని ఆటను పరీక్షించినవాళ్లు ఎప్పుడో తేల్చారు. ఆ సంగతి నిన్న తెలిసింది. లేని ప్రమాదానికి నేను పడ్డ భయం మాత్రం లేనిది కాదు కదా! ఆ మూడు రోజుల్లో ఎవరైనా వచ్చి ‘అక్కడ ఏమీ లేదు’ అంటే నాకు ఒరిగేది ఏముంది?

ఇంకొకటి. పోరాటంలో శత్రువు వెనక నుంచి వస్తే కంటికి కనిపించడు. అప్పుడు హెచ్చరించేది ఆ గొంతులే. ఎగతాళి చేసినవే ‘వెనకాల!’ అని అరుస్తాయి. ఆ అరుపు విని తప్పుకునే ఎన్నోసార్లు బతికాను. గొంతులన్నీ ఒకటే అని, అన్నీ చెడ్డవే అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

సెనువాగా నటించిన మెలినా యుర్గెన్స్ అసలు ఆ సంస్థలో వీడియో ఎడిటర్. ప్రయోగాల కోసం తాత్కాలికంగా నిలబడిన మనిషే ఆ పాత్ర అయిపోయింది, 2018లో బ్రిటన్‌వాళ్లిచ్చే బాఫ్టా అవార్డు అందుకుంది. చివర్లో ఆమె ముఖం చూస్తే ఆ గౌరవం చిన్నదే అనిపిస్తుంది. అంత దూరం మోసుకొచ్చిన డిలియన్ తలను సెనువా అగాధంలోకి వదిలేస్తుంది. అతను తిరిగి రాడు. గొంతులూ పోవు. వాటితోనే ముందుకు నడుస్తుంది. నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత అమ్మకు ఫోను చేశాను. ‘ఈ వేళప్పుడు ఏమిటే?’ అని కంగారుపడింది. పిన్నికి వినిపించే గొంతులు ఏమనేవో నీకు తెలుసా అమ్మా అని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

‘ఒకటి మంచిదేనే’ అంది చివరికి. ‘రాత్రి తలుపు గడియ వేశావా అని రోజూ గుర్తు చేసేదట. అది చెప్పాకే పడుకునేది.’

‘మిగతావి?’

‘అవి నాతో ఎప్పుడూ చెప్పలేదు’ అంది అమ్మ. కాసేపాగి, ‘నేనూ అడగలేదు’ అంది.